గొలుసు అణువుల చరిత్ర - 14: ఒకే కేంద్రం, వేర్వేరు చేతులు

నంద్యాల పేరు వినగానే రాయలసీమ రైతుకు నవనందుల తర్వాత గుర్తొచ్చేది పైపులే. భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వదులుకొని వచ్చి ఇక్కడ ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టిన ఎస్‌.పి.వై.రెడ్డి 1984లో నంది పైపుల తయారీ మొదలుపెట్టారు. తర్వాత మూడుసార్లు నంద్యాల లోక్‌సభ సభ్యుడయ్యారు. బోరు దగ్గర్నుంచి చివరి మడి దాకా పరుచుకున్న ఆ పైపుల గోడల్లో ఉన్నది పాలీవినైల్ క్లోరైడ్, అంటే మనం పీవీసీ అని పిలుచుకునేది. పైపులకు వాడే రకంలో ఒక్కో అణువులో సగటున వెయ్యి దాకా వినైల్ క్లోరైడ్ ముక్కలు కొసకు కొస అతుక్కొని ఉంటాయి. అటొక కొస, ఇటొక కొస. నడుమ అంతా అదే ముక్క మళ్లీ మళ్లీ.

గత భాగాల్లో చూసిన పాలిమర్లన్నీ దాదాపు ఇలాంటి రెండు కొసల గొలుసులే. 1920లో జర్మనీలో హెర్మన్ స్టాడింగర్ ఇలాంటి పొడవాటి అణువులున్నాయని చెప్పినప్పుడు తోటి శాస్త్రజ్ఞులు నమ్మలేదనీ, 1953లో ఆయనకు నోబెల్ వచ్చేనాటికి ప్రపంచమే ప్లాస్టిక్ యుగంలో అడుగుపెట్టిందనీ చెప్పుకున్నాం. ఈ భాగంలో అడుగుతున్న ప్రశ్న వేరు. నాలుగైదు గొలుసులను ఒక్క బిందువు దగ్గర కట్టేస్తే ఏమవుతుంది? ఆ గొలుసులు ఒక్కోటీ ఒక్కో గుణంతో ఉంటే? ఒకటి నీటిని కోరేది, ఒకటి నూనెను కోరేది, మూడోది రెంటినీ దగ్గరకు రానివ్వనిది అయితే? అలాంటి అణువును కట్టడానికి మనిషికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. పాలిమర్ రసాయనంలో ఇంత ఓర్పు కోరిన పని మరొకటి లేదని నా అభిప్రాయం.

ఆళ్లగడ్డ శిల్పి అహోబిలం నరసింహుణ్ణి చెక్కేటప్పుడు ఒకే రాతిలోంచి చేతులన్నీ తీస్తాడు. ఒక చేతిలో చక్రం, ఒక చేతిలో శంఖం, మిగిలిన చేతులు హిరణ్యకశిపుడి మీద. ఏ చేయి ఎటు వెళ్లాలో ఉలి పట్టకముందే రాతి మీద గీత గీసుకుంటాడు. రసాయన శాస్త్రజ్ఞుడి ముందు అలాంటి రాయి లేదు. గాజు పాత్రలో లెక్కకందనన్ని అణువులు కంటికి కనపడకుండా కదులుతూ ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ చేత్తో పట్టుకోలేడు. అయినా ప్రతి అణువుకూ సరిగ్గా అవే చేతులు, అన్నే చేతులు రావాలి. ఒక్క చర్య ముందుగా జరిగినా, ఒకటి ఆగాల్సిన చోట ఆగకపోయినా పాత్రలో మిగిలేది కలగాపులగమే.

మొదటి నక్షత్రాలు

కేంద్రం నుంచి చేతులు చాచిన పాలిమర్‌ను నక్షత్ర పాలిమర్ అంటారు. కావాలని కట్టిన తొలి నక్షత్రాలు 1948 నాటివి. షాఫ్‌జెన్, పాల్ ఫ్లోరీ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు నైలాన్-6కు ముడిసరుకైన కాప్రొలాక్టమ్‌ను తీసుకొని, నాలుగు ఆమ్ల కొసలున్న ఒక చిన్న అణువునూ, ఎనిమిది ఆమ్ల కొసలున్న ఇంకొకదాన్నీ అందులో కలిపారు. ఒక్కో ఆమ్ల కొస దగ్గర ఒక్కో నైలాన్ గొలుసు పెరిగింది. నాలుగు చేతుల నక్షత్రం, ఎనిమిది చేతుల నక్షత్రం తయారయ్యాయి. ఫ్లోరీ ఉద్దేశం కొత్త వస్తువు చేయడం కాదు. ఒకే బరువున్న నిలువు గొలుసుకూ నక్షత్రానికీ చిక్కదనంలో తేడా ఎంత అన్నది తన లెక్కతో సరిపోతుందో లేదో చూడాలనుకున్నాడు. 1974లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ చేతుల పొడవులు మాత్రం సమానంగా లేవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అప్పటి పద్ధతుల్లో గొలుసు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో చెప్పడం ఎవరి చేతిలోనూ లేదు. వేర్వేరు గుణాల చేతులు కట్టాలంటే ముందు ఆ మొదలూ ఆ ముగింపూ మనిషి చెప్పుచేతల్లోకి రావాలి.

చావని గొలుసు

అది 1956లో సాధ్యమైంది. పోలండ్‌లో పుట్టి అమెరికాలోని సిరక్యూజ్‌లో స్థిరపడ్డ మైకేల్ జ్వార్క్ దాన్ని సాధించాడు. కథ ఒక మామూలు సంభాషణతో మొదలైంది. సామ్యూల్ వైస్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి ఇంకొక అణువుకు ఎలా దూకుతుందో అధ్యయనం చేస్తున్నాడు. స్టైరీన్‌కు ఎలక్ట్రాన్ ఇస్తే ఏమవుతుందని జ్వార్క్ అడిగాడు. స్టైరీన్‌తో లాభం లేదు, అది పాలిమర్ అయిపోతుంది అన్నాడు వైస్‌మన్. ఆయనకు ఆటంకంగా కనిపించినదే జ్వార్క్‌కు పని దొరికిన చోటు.

సోడియం, నాఫ్తలీన్ కలిపితే ముదురాకుపచ్చ ద్రావణం వస్తుంది. అందులో స్టైరీన్ పోయగానే ఆకుపచ్చ పోయి చెర్రీ ఎరుపు వచ్చింది. స్టైరీన్ అంతా గొలుసుగా మారిపోయాక కూడా ఆ ఎరుపు పోలేదు. అంటే గొలుసు కొసల్లో రుణావేశం ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. మరికొంత స్టైరీన్ పోస్తే అవే గొలుసులు ఆగిన చోటు నుంచి మళ్లీ పెరిగాయి. ద్రావణం మరింత చిక్కబడింది. స్టైరీన్ బదులు ఐసోప్రీన్ పోస్తే అదే గొలుసు మీద రెండో రకం ముక్క మొదలైంది. జ్వార్క్ వీటికి సజీవ పాలిమర్లు అని పేరు పెట్టాడు. నీటి ఆవిరి, గాలిలోని ఆక్సిజన్, బొగ్గుపులుసు వాయువు, వీటిలో ఏది తగిలినా కొస చచ్చిపోతుంది. అవి దరిచేరకుండా చూసుకున్నంత కాలం అది బతికే ఉంటుంది.

నక్షత్రాలకు ఇంకొక మార్పు అవసరమైంది. సోడియం-నాఫ్తలీన్‌తో మొదలైన గొలుసు రెండు వైపులా బతికి ఉంటుంది. చేయిగా పనికిరావాలంటే ఒక్క వైపే బతికి ఉండాలి. బ్యూటైల్ లిథియంతో మొదలుపెడితే ఆ ఇబ్బంది తీరుతుంది. ఒక కొస మూసుకొని, ఇంకొక కొస లిథియంతో తెరిచి ఉంటుంది. చేయి సిద్ధమైంది. ఇక దాన్ని పట్టుకునే కేంద్రం కావాలి.

ఆ కేంద్రం సిలికాన్. 1962లో ఆక్రన్‌లో మారిస్ మోర్టన్ బృందం సజీవ పాలీస్టైరీన్‌కు సిలికాన్ క్లోరైడ్లను చూపించింది. సిలికాన్‌కున్న ఒక్కో క్లోరిన్‌నూ ఒక్కో గొలుసు తోసేసి దాని చోట తాను కూర్చుంటుంది. లిథియం, క్లోరిన్ కలిసి ఉప్పుగా విడిపోతాయి. మూడు క్లోరిన్లుంటే మూడు చేతులు, నాలుగుంటే నాలుగు. అయితే పాలీస్టైరీన్ కొస లావుగా ఉండి, నాలుగో చేయి పట్టడానికి చోటు చాలేది కాదు. కొసలో రెండు మూడు ఐసోప్రీన్ లేదా బ్యుటాడయీన్ ముక్కలు తగిలిస్తే ఆ ఇరుకు తీరిందని తర్వాత తెలిసింది. ఇదే దారిలో కెనడాలో జాక్ రూవర్స్ 1993 నాటికి 128 చేతుల నక్షత్రం దాకా వెళ్లాడు.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో పాల్ రెంప్ బృందం వేరే దారి పట్టింది. సజీవ గొలుసుల పాత్రలో కొంచెం డైవినైల్ బెంజీన్ వేస్తే గొలుసుల కొసలు దాని చుట్టూ అల్లుకొని చిన్న ముద్దలా కేంద్రం ఏర్పడుతుంది. ఎన్ని చేతులు వస్తాయో ఖచ్చితంగా చెప్పలేం గానీ పని సులువు. పరిశ్రమకు ఇదే నచ్చింది. ఇంజన్ ఆయిల్‌లో కలిపే చిక్కదనం సరిచేసే పదార్థాల్లో షెల్ కంపెనీ ఇలాంటి ఐసోప్రీన్ నక్షత్రాలను హైడ్రోజన్‌తో స్థిరపరచి వాడింది. లారీ ఇంజన్‌లో గేర్ల, బేరింగుల ఒత్తిడికి పొడవాటి గొలుసు నడిమికి తెగితే బరువు సగానికి పడిపోతుంది, నూనె పల్చబడుతుంది. నక్షత్రానికి ఒక చేయి తెగినా మిగతావి ఉంటాయి. నూనె ఎక్కువ కాలం నిలుస్తుంది. సిద్ధాంతం కోసం మొదలైన ఆకారం జాతీయ రహదారుల మీద పనికొచ్చింది.

మద్రాసులో మన వాళ్లు

ఇవన్నీ ఒకే గుణమున్న చేతులు. రెండు వేర్వేరు గుణాలను ఒకే అణువులో కలపాలన్న ప్రయత్నం ఆ కాలంలోనే మన వైపు కూడా జరిగింది. ఆకారం నక్షత్రం కాదు. ప్రశ్న మాత్రం అదే. ఆ అధ్యాయం చెప్పకుండా, మూడు గుణాల నక్షత్రం కట్టిన ఏథెన్స్‌కు వెళ్లడం నాకిష్టం లేదు.

ఎం.శాంతప్ప మాంచెస్టర్‌లో ఎం.జి.ఎవాన్స్ దగ్గర పరిశోధన చేశారు. నీటిలో కరిగిన ఫెర్రిక్ లవణాల మీద వెలుతురు పడితే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌తో వినైల్ పాలిమర్లు ఎలా మొదలవుతాయో ఎవాన్స్, శాంతప్ప, ఊరి కలిసి 1951లో ప్రచురించిన వ్యాసం ఆ రంగంలో నేటికీ పేరున్నది. మద్రాసు విశ్వవిద్యాలయానికి తిరిగివచ్చాక ఆయన శిష్యులతో కలిసి లోహ అయాన్లు పాలిమర్ గొలుసును ఎలా మొదలుపెడతాయో, ఎంత వేగంగా, ఎక్కడ ఆపుతాయో వరసగా కొలిచారు. వాటిలో ముఖ్యమైనది సీరిక్ అయాన్, అంటే నాలుగు ధనావేశాలున్న సీరియం. 1967లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి ఆయనకు వచ్చింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ, మద్రాసు విశ్వవిద్యాలయానికీ ఉపకులపతిగా పనిచేశారు.

సీరిక్ అయాన్‌కు ఒక ప్రత్యేక గుణం ఉంది. 1958లో అమెరికాలో మీనో, కైజర్‌మన్ అనే ఇద్దరు దాన్ని గమనించారు. హైడ్రాక్సిల్ గుంపులున్న పెద్ద అణువుతో, ఉదాహరణకు సెల్యులోజ్‌తో, సీరిక్ అయాన్ కలిస్తే రాడికల్ ఆ పెద్ద అణువు ఒంటి మీదే పుడుతుంది. కొత్త గొలుసు అక్కడే మొదలై అక్కడే పెరుగుతుంది. ద్రావణంలో విడిగా పెరిగి వృథా అయ్యేది తక్కువ. పని జరుగుతున్నట్టు కళ్లకే తెలుస్తుంది: సీరిక్ నారింజ పసుపు, ఖర్చయ్యేకొద్దీ రంగు వెలిసిపోతుంది.

అదే మద్రాసు అడయారులో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉంది. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలమంచిలి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టర్. తోలు అంటే కొల్లాజెన్ అనే ప్రోటీన్. అదీ ప్రకృతి అల్లిన పాలిమరే. దాని ఒంటి మీద సీరిక్ అయాన్‌తో కృత్రిమ వినైల్ గొలుసులను పెంచే పని నాయుడమ్మ, కె.పాండురంగారావు, కె.థామస్ జోసెఫ్ చేశారు. పచ్చి చర్మంలో కొన్ని చోట్ల పీచు వదులుగా, బోలుగా ఉంటుంది. ఆ పీచులోపలే కొత్త పాలిమర్ పెరిగితే తోలుకు నిండుదనం వస్తుంది, బయటి నుంచి పూసిన పూతలా ఊడిపోదు. నీటిని పట్టే ప్రోటీన్, నీటిని తోసే ప్లాస్టిక్, రెండూ ఒకే అణువు. నాయుడమ్మ తర్వాత 1970లలో ఆ సంస్థ పగ్గాలు శాంతప్ప చేతికొచ్చాయి. గొలుసు ఎలా మొదలవుతుందో మూలసూత్రం కొలిచిన మనిషి, దాన్ని తోలులో వాడిన సంస్థకు పెద్ద అయ్యారు. ఇద్దరు తెలుగువాళ్లు మద్రాసులో ఒకే దారంతో ఒక పెద్ద పని చేశారు. మన పాఠ్యపుస్తకాల్లో నాయుడమ్మ విమాన ప్రమాదం గురించి ఉన్నంత కూడా ఈ రసాయనం గురించి లేకపోవడం బాధాకరం.

నక్షత్రం కట్టే పద్ధతులకూ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. కేంద్రాన్ని ముందు తయారుచేసుకొని దాని మీద చేతులు పెంచడం ఒక దారి. చేతులు ముందు తయారుచేసుకొని కేంద్రానికి అతికించడం రెండో దారి. ఫ్లోరీ మొదటి దారిలో నడిచాడు, మోర్టన్ రెండో దారిలో. అడయారు కొల్లాజెన్ మీద జరిగింది మొదటి దారే. అయితే ఆ పద్ధతిలో ఎన్ని గొలుసులు ఎక్కడెక్కడ మొలిచాయో అణువు అణువుకూ చెప్పలేం. తోలుకు అది చాలు. ఖచ్చితమైన నక్షత్రానికి చాలదు.

మూడు చేతులు, మూడు గుణాలు

ఇబ్బంది ఎక్కడుందో చిన్న లెక్కతో చూద్దాం. మూడు క్లోరిన్లున్న సిలికాన్ ఉంది. పాలీస్టైరీన్, పాలీఐసోప్రీన్ సజీవ గొలుసులను సమానంగా కలిపి ఒకేసారి పోశాం. రెంటి వేగమూ ఒకటే అనుకుందాం. అప్పుడు ఎనిమిదింట ఒక వంతు నక్షత్రాలకు మూడు చేతులూ స్టైరీన్‌వే, ఇంకొక వంతుకు మూడూ ఐసోప్రీన్‌వే. మిగతా ఆరు వంతులు రెండు మిశ్రమ రకాలుగా చెరిసగం. మూడు రకాల గొలుసులు కలిపి పోస్తే మూడు చేతులూ వేర్వేరుగా వచ్చేవి తొమ్మిదింట రెండు వంతులు, అంటే నూటికి ఇరవై రెండే. మిగిలిన 78 శాతం పనికిరానివి. అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి గనక వడబోసి వేరుచేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి కలిపి పోయకూడదు. ఒక క్లోరిన్ తర్వాత ఇంకొకటి, ఒక చేయి తర్వాత ఇంకొకటి.

1988లో పెన్నిసి, ఫెటర్స్ ఒకే పాలిమర్‌తో, కానీ రెండు పొడవుల చేతులతో నక్షత్రం కట్టి దారి చూపించారు. 1990లో జిమ్మీ మేస్ ఒక పాలీస్టైరీన్ చేయి, రెండు పాలీఐసోప్రీన్ చేతులు కలిపాడు. 1992లో ఏథెన్స్ విశ్వవిద్యాలయంలో హెర్మిస్ యాట్రు, నికోస్ హజిక్రిస్టిడిస్ మూడు చేతులూ వేర్వేరుగా ఉన్న నక్షత్రాన్ని కట్టారు: పాలీస్టైరీన్, పాలీఐసోప్రీన్, పాలీబ్యుటాడయీన్. వీటికి మిక్టోఆర్మ్ నక్షత్రాలన్న పేరు స్థిరపడింది ఆ ప్రయోగశాల నుంచే.

వాళ్లు చేసిన తీరు వివరంగా చెప్పాలి. పని అంతా గాజు గొట్టాల్లో, గాలి తీసేసిన శూన్యంలో జరిగింది. ప్రతి రసాయనాన్నీ నీటి తడి లేకుండా శుద్ధిచేసి, చిన్న గాజు బుడ్డీల్లో పోసి, మంటతో మూతి కరిగించి మూస్తారు. ఆ బుడ్డీలను పెద్ద పాత్రకు ముందే అతికిస్తారు. కావలసినప్పుడు లోపలున్న పల్చని గాజుపొరను అయస్కాంతంతో కదిలే చిన్న సుత్తితో పగలగొడతారు. మూత తీయడం, గరాటు పెట్టి పోయడం ఉండదు. గాలి బుడగ ఒక్కటి లోపలికి వెళ్లినా ఆ రోజు పని మొత్తం పోయినట్టే.

మొదట సజీవ పాలీఐసోప్రీన్‌ను తీసుకెళ్లి మిథైల్ ట్రైక్లోరోసిలేన్‌లో కలిపారు. ఈ సిలేన్‌ను కావాలనే చాలా ఎక్కువగా ఉంచారు. గొలుసులు కొద్ది, సిలికాన్లు ఎన్నో గనక ప్రతి గొలుసుకూ ఒక కొత్త సిలికాన్ దొరుకుతుంది. ఒకే సిలికాన్‌కు రెండు గొలుసులు పట్టే అవకాశం చాలా తక్కువ. ఇక మిగిలిపోయిన సిలేన్ పోవాలి. అది 66 డిగ్రీల దగ్గరే మరిగే తేలిక ద్రవం గనక శూన్యంలో లాగేశారు. మళ్లీ బెంజీన్ పోసి, మళ్లీ లాగారు. అందులో కొంచెం మిగిలినా తర్వాత వచ్చే చేతులు దాన్ని పట్టుకొని ప్రయోగాన్ని పాడుచేస్తాయి. ఇప్పుడు పాత్రలో ఉన్నవి కొసలో రెండు క్లోరిన్లు మిగిలిన ఐసోప్రీన్ గొలుసులు.

రెండో చేయి పాలీస్టైరీన్. మోర్టన్‌కు నాలుగో చేయి దగ్గర అడ్డం పడ్డ ఆ లావు కొసే ఇక్కడ ఉపకారి అయింది. స్టైరీన్ కొస ఒక క్లోరిన్ స్థానంలో కూర్చోగానే పక్కనున్న రెండోదాని దగ్గరికి ఇంకొక స్టైరీన్ కొస చేరడం బాగా నెమ్మదిస్తుంది. ఆ వ్యవధిని ఆసరా చేసుకొని స్టైరీన్‌ను చుక్కచుక్కగా పోస్తూ, మధ్యమధ్యలో కొంచెం తీసి అణువుల పరిమాణం పరీక్షిస్తూ, అన్నిటికీ ఒక్కో స్టైరీన్ పట్టిందని తేలేదాకా వచ్చి ఆపారు. చివరి క్లోరిన్ కోసం బ్యుటాడయీన్‌ను కొంచెం ఎక్కువే పోశారు. ఈసారి మిగిలినా ప్రమాదం లేదు, పట్టుకోవడానికి క్లోరిన్లే లేవు. చర్య పూర్తయ్యాక మిగులు గొలుసులను ఆల్కహాల్‌తో చంపి, నక్షత్రాలను ద్రావణంలోంచి మెల్లగా అవక్షేపించి వేరుచేశారు.

ఈ మూడు మెట్లనూ కలిపి చూస్తే ప్రతి మెట్టులోనూ ఉన్న తెలివి ఆపడంలోనే ఉంది. మొదటి మెట్టులో సిలేన్‌తో ముంచెత్తి ఆపారు, రెండోదానిలో కొస లావుతో ఆపారు, మూడోదానిలో క్లోరిన్లు అయిపోయి తనంతట ఆగింది. జ్వార్క్ చావని గొలుసును ఇచ్చాడు. ఎక్కడ ఆపాలో ఏథెన్స్ నేర్పింది.

అదే ఏడాది జపాన్‌లో నగావొకాలో ఫుజిమోటో బృందం వేరే రసాయనంతో ఇంకొక మూడు గుణాల నక్షత్రం కట్టింది. గ్రీసులోనే పట్రాస్‌కు చెందిన కాన్‌స్టాంటినోస్ సిట్సిలియానిస్, రెంప్‌తో కలిసి రెండు దారులనూ ముడివేశాడు. ముందు పాలీస్టైరీన్ చేతులను డైవినైల్ బెంజీన్ కేంద్రానికి కట్టడం, ఆ కేంద్రంలో ఇంకా బతికే ఉన్న రుణావేశాల నుంచి రెండో రకం చేతులను బయటికి పెంచడం. ఆక్రన్‌లో రోడరిక్ క్వెర్క్ డైఫినైల్ ఇథిలీన్ ఆధారంగా రెండేసి చేతుల జతలు కట్టాడు. ఆ అణువు సజీవ గొలుసును ఒక్కసారి పట్టుకుంటుంది గానీ తనంతట తాను గొలుసుగా పెరగదు. అందుకే అది మంచి కేంద్రం. టోక్యోలో అకిరా హిరావో ఆ గుణాన్నే పదేపదే వాడుకొని, ఒక్కో చుట్టుకు ఒక్కో కొత్త చేయి కలుపుతూ అయిదు వేర్వేరు గుణాల చేతుల దాకా, ఆ పైకి కూడా వెళ్లాడు.

శూన్యం లేకుండా

ఈ పద్ధతులన్నిటికీ నిప్పు మీద గాజు కరిగించడం తెలిసిన చెయ్యి, నెలల తరబడి ఓపిక కావాలి. ప్రపంచంలో కొద్ది ప్రయోగశాలలకే అది సాధ్యం. 1995లో జపాన్‌లో మిత్సువో సవామోటో, అమెరికాలో క్రిష్టాఫ్ మాటియషెవ్‌స్కీ విడివిడిగా చూపిన పద్ధతి ఆ గోడను పగలగొట్టింది. రాగి వంటి లోహం సాయంతో రాడికల్ గొలుసు కొసను ఎక్కువ సమయం నిద్రపుచ్చి, కాసేపు మేల్కొలిపి, మళ్లీ నిద్రపుచ్చుతారు. మేల్కొన్న కొసలు ఏ క్షణాన చూసినా అతి కొద్ది గనక అవి ఒకదాన్నొకటి ఢీకొని చావడం తగ్గుతుంది. గాలిని తొలగించాలి, కానీ అంత కఠోరమైన శూన్యం అక్కరలేదు. తడి ఉన్నా చర్య నడుస్తుంది. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి గంధకపు సమ్మేళనాలతో ఇలాంటిదే ఇంకొక పద్ధతి వచ్చింది.

దీంతో కేంద్రాన్నే ముందుగా తెలివిగా రూపొందించే దారి తెరుచుకుంది. ఒకే చిన్న అణువులో మూడు వేర్వేరు చర్యాస్థానాలు ఉంచుతారు. ఒక హైడ్రాక్సిల్ నుంచి లాక్టైడ్ ఉంగరాలు తెరుచుకొని నేలలో కలిసిపోగల పాలీలాక్టిక్ ఆమ్లం చేయి పెరుగుతుంది. పక్కనున్న బ్రోమిన్ నుంచి రాగి పద్ధతిలో స్టైరీన్ లేదా యాక్రిలేట్ చేయి పెరుగుతుంది. మూడోచోట ఆల్కైన్ ఉంటే, కొసలో అజైడ్ ఉన్న పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసు దానికి అతుక్కుంటుంది. ఈ ఆల్కైన్-అజైడ్ చర్యను రాగితో వేగంగా, శుభ్రంగా జరిపించే పద్ధతి 2002లో మోర్టన్ మెల్డల్, బారీ షార్ప్‌లెస్ బృందాల నుంచి వచ్చింది. 2022 నోబెల్ బహుమతిలో దానికి భాగముంది. ఒక స్థానంలో జరిగే చర్య ఇంకొక స్థానాన్ని ముట్టుకోకపోవడమే ఇక్కడ ప్రాణం. ఇస్తాంబుల్‌లో ఉమిత్ తున్‌జా, గుర్కాన్ హిజాల్ ఈ తరహాలో ఎన్నో నక్షత్రాలు కట్టారు.

ఎందుకింత శ్రమ

నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. పాలిమర్లు అంతకన్నా పట్టుదల గలవి. రసాయనికంగా కొంచెం తేడా ఉన్నా వేరైపోతాయి. ఒకదానికొకటి పడని మూడు గొలుసులను ఒకే కేంద్రానికి కట్టేస్తే అవి విడిపోవాలనుకుంటాయి, కానీ విడిపోలేవు. ప్రతి కేంద్రమూ మూడు ప్రాంతాలు కలిసే గీత మీదే ఉండక తప్పదు. నిలువు గొలుసులో మూడు రకాలుంటే ఈ నిర్బంధం ఉండదు. అందుకే ఈ నక్షత్రాలు ఘనరూపంలోకి వచ్చినప్పుడు అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే మిల్లీమీటరులో లక్షో వంతు కొలతల్లో, గచ్చు పరిచినట్టు షడ్భుజాలు, చతురస్రాలు, అష్టభుజాల అల్లికలు కనిపిస్తాయి. నగోయాలో యుషు మత్సుషితా బృందం వీటిని ఒక్కొక్కటిగా చూపించింది. 2007లో ఐసోప్రీన్, స్టైరీన్, వినైల్ పిరిడీన్ చేతుల నక్షత్రంలో పన్నెండు వైపుల సౌష్ఠవంతో, ఎప్పటికీ పునరావృతం కాని అల్లిక దొరికింది. లోహాల్లో అలాంటి క్రమాన్ని కనిపెట్టినందుకే డాన్ షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

నీటిలో వేసినప్పుడు ఇంకొక వింత. 2004లో మిన్నెసోటాలో టిమ్ లాజ్, మార్క్ హిల్‌మయర్ బృందం మూడు చేతుల నక్షత్రాలను నీటిలో కలిపింది: ఒక చేయి నీటిని కోరేది, రెండోది హైడ్రోకార్బన్, మూడోది ఫ్లోరిన్‌తో నిండినది. తర్వాతి రెండూ నీటికీ దూరమే, ఒకదానికొకటీ దూరమే. అవి నీటినుంచి దాక్కుంటూనే పక్కపక్కన వేర్వేరు గదులుగా ఏర్పడ్డాయి. ఒకే సూక్ష్మ కణంలో రెండు వేర్వేరు గదులంటే, రెండు పడని మందులను విడివిడిగా దాచి ఒకేసారి ఒంట్లోకి పంపొచ్చన్న ఆశ. ఈ దిశలో పని ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది. మందుల దుకాణానికి చేరడానికి చాలా దూరం నడవాలి. కానీ ఆశకు ఆధారం గట్టిది.

ఈ చరిత్ర రాస్తూ నంద్యాల, ఆళ్లగడ్డ డిగ్రీ కళాశాలల రసాయన అధ్యాపకులను ఒక్కటి కోరాలనుకున్నాను. మిక్టోఆర్మ్ నక్షత్రం మన కళాశాల ప్రయోగశాలలో కట్టలేం. శాంతప్ప కొలిచిన, నాయుడమ్మ వాడిన సీరిక్ చర్య మాత్రం చేయగలం. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. నరసింహ పత్తి రకం అక్కడిదే. దూదికి ఇక్కడ కరువు లేదు. తూచిన దూది, పలుచని నత్రికామ్లం, కొద్దిగా సీరిక్ అమోనియం నైట్రేట్, మిథైల్ మెథాక్రిలేట్ చాలు. నైట్రోజన్ వాయువు పంపి గాలిని తరిమి, మంచి గాలి లాగే గూట్లో, చేతి తొడుగులతో, అధ్యాపకుడు పక్కనుండగా చేయాలి. రంగు వెలిశాక దూదిని కడిగి, విడిగా తయారైన పాలిమర్‌ను అసిటోన్‌తో కరిగించి తీసేసి, ఆరబెట్టి మళ్లీ తూచండి. పెరిగిన బరువే సెల్యులోజ్ మీద మొలిచిన ప్లాస్టిక్ చేతుల బరువు. పిల్లలు ఆ బరువును తమ చేత్తో రాసుకున్నాక ఫ్లోరీ, జ్వార్క్ పేర్లు చెప్పండి. శాంతప్ప, నాయుడమ్మ పేర్లు అంతకంటే ముందు చెప్పండి.

వచ్చే భాగంలో చేతులకు మళ్లీ చేతులు మొలిచే చెట్టు అణువులు, డెండ్రైమర్ల కథ.